పిలగానికి సీటెందుకు అనేటోళ్లకు

మా దిక్కు కారుల ఎంతమంది పడ్తరు అని అడిగితే పెద్దోళ్లను మాత్రమే లెక్కబెట్టి చెప్తరు. "ఐదుగురం, ఇగ పిల్లలు ముగ్గురు, వాళ్లదేముంది ఎక్కడన్న అడ్జస్ట్ అయితరు" అంటరు. అట్ల డిజైర్ కారుల ఎనిమిది మంది ఎక్కుతరు. ఒకడు ముందు సీట్ల పెద్దనాయిన ఒళ్లె, ఒకతి వెనకాల అమ్మమ్మ ఒళ్లె, ఇంకొకడు రెండు ముందు సీట్ల నడుమ నిలబడి అద్దంలకెల్లి రోడ్డు చూసుకుంట వస్తడు. పెండ్లికి పోయినా, మేడారం పోయినా, కొమురెల్లి మల్లన్న దగ్గరికి పోయినా ఇదే లెక్క.

నేను హన్మకొండ అదాలత్‌ల వకీలుని. ఎక్కువ చేసేది యాక్సిడెంట్ కేసులే, అంటే మోటారు యాక్సిడెంట్ ట్రిబ్యునల్ల వేసే పరిహారం పిటిషన్లు, కాగితం మీద ఎంవీఓపీలు, మా నోట్లె ఉట్టి ఓపీలు. పిల్లలకు దెబ్బలు తగిలిన కేసుల తండ్రి వచ్చి కుర్చీల కూసుంటడో లేదో మొదటగాల అడిగేది ఏందంటే, "వానికి జీతమా గీతమా మేడం, చిన్న పిలగాడాయె, వానికేమొస్తది?" అని. నాకు ఈ మాట విన్నప్పుడల్లా ఆ డిజైర్ కారే యాదికొస్తది. కారెక్కేటప్పుడు సీట్ల లెక్కల లేనోడు, దెబ్బ తగిలినంక పైసల లెక్కల గూడ లేకుండ పోతున్నడు, నా గొడవంత దీని మీదనే. పిల్లల మీద ప్రేమ లేక కాదు, ప్రేమ మస్తుంది, ఆ ప్రేమతోనే ఒళ్లె కూసోబెట్టుకుంటరు.

"గట్టిగ పట్టుకుంట కదా" అంటరు చూడుండ్రి, అక్కడికెల్లి మొదలుపెడ్త. 50 స్పీడుల పోయే కారు దేన్నన్న గుద్దుకుంటే అది ఆగిపోవడానికి సెకండుల పదో వంతు గూడ పట్టదు. అంత టైంల 10 కిలోల పాపను ఆపాలంటే పట్టుకున్న చేతుల మీద పడే బలం దగ్గర దగ్గర 200 కిలోలు. ఐకేపీ సెంటర్ల కాంటా అయిన 40 కిలోల వడ్ల బస్తాలు ఐదు ఒక్కసారి చేతులల్లకెల్లి గుంజుకపోతే ఎట్లుంటదో అట్ల. హమాలీతోని గూడ కాదు. పైగా అప్పుడు పట్టుకున్న మనిషే ముందుకు పడుతుంటది, ఆమెనే ఎవరన్న పట్టుకోవాలె. ఇది 50 స్పీడు లెక్క, జనగామ హైవే మీద 50ల పోయేటోన్ని నాకొక్కన్ని చూపియ్యుండ్రి.

కొంతమంది ఇంకా తెలివిగ తమ బెల్టు లోపల్నే పిల్లను గూడ పెట్టుకుంటరు. గుద్దినప్పుడు ఆ పెద్దమనిషి బరువంత పిల్ల మీదనే పడి, బెల్టుకూ మనిషికీ నడుమ పిల్ల నలుగుతది. ఇగ ముందు సీటైతే ఎయిర్‌బ్యాగ్ ఉంటది, అది పెద్దోళ్ల ఛాతీ కోసమని చేసింది, రెప్పపాటు లోపల పేలి తెరుచుకుంటది, ఒళ్లె ఉన్న పిల్ల తలకాయ సరిగ్గ దాని ముంగటనే ఉంటది. చంటిపిల్లల సీటు ఇక్కడ పెట్టొద్దని సన్‌వైజర్ మీద బొమ్మేసి గీత కొట్టి మరీ ఇస్తరు. మనోళ్లు ఆ సన్‌వైజర్ దించి అద్దంల బొట్టు సరిచేసుకుంటరు గానీ పక్కనున్న బొమ్మ దిక్కు మాత్రం చూడరు.

చంటిపిల్లలకు వెనక్కి తిరిగి ఉండే సీటు ఎందుకంటే, వాళ్లకు తల బరువు ఎక్కువ, మెడ ఇంకా లేతగ ఉంటది. ముందుకు చూస్కుంట కూసుంటే గుద్దినప్పుడు ఒళ్లు బెల్టుకు ఆగుతది గానీ తల ఆగదు, ఆ భారమంత మెడ మీద పడ్తది. వెనక్కి తిరిగి ఉంటే వీపు, మెడ, తల మూడూ సీటుకే ఆనుతయ్. యూరప్ కొత్త రూల్స్ ప్రకారం 15 నెలలు నిండేదాక వెనక్కి తిరిగే ఉండాలె, ఇంకా ఎక్కువ రోజులుంటే ఇంకా మంచిది. ఆ తర్వాత ముందుకు తిరిగి హార్నెస్, అంటే ఒంటికి కట్టే పట్టీలు ఉన్న సీటు, ఆ తర్వాత ఎత్తు పెంచే బూస్టర్. బూస్టర్ ఎందుకు అంటే పెద్దోళ్ల బెల్టు చిన్న పిల్లలకు మెడ మీదకెల్లి, పొట్ట మీదకెల్లి పోతది, అది భుజం మీద, తుంటి ఎముకల మీద కూసోవాలె. లేకుంటే గుద్దినప్పుడు లోపల పేగులు, కాలేయం దెబ్బ తింటయ్, బయటికి గీత కూడ కనవడదు. సరైన సీటుతోని చంటిపిల్లల మరణాలు దాదాపు 70 శాతం తగ్గుతయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెప్తనే ఉంది.

పైసలంటరా, సీట్లు ఐదారు వేలకెల్లి మొదలైతయ్. ఇరవై ఒకటో దినం ఫంక్షనుకు బెలూన్ డెకరేషన్, ఫ్లెక్సీలు, ఫొటోగ్రాఫర్ కలిపితే ఎంతైతదో మీకే ఎరుక. నేనైతే చుట్టాలింట్ల పుట్టిన పిల్లలకు వెండి మొలతాడు పెట్టుడు బంద్ చేసి నలుగురం కలిసి సీటు కొనిస్తున్న, మా అత్తమ్మకు ఇప్పటికీ అది కట్నం కింద లెక్క కాదు. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే మాత్రం ఒకసారి యాక్సిడెంట్ అయిన కారులది తీసుకోవద్దు, పైకి బాగనే కనవడ్తది, లోపల ప్లాస్టిక్ చిట్లి ఉండొచ్చు.

సీటు కొన్నంక ఇంకో తమాషా ఎదురైతది. మా అన్న కారుల సీటు బిగిద్దామని వెనకాల చూస్తే బెల్టు బకిల్సే లేవు. సీటుకూ వీపుకూ నడుమ చెయ్యి పెట్టి వేళ్లతోని తడిమితే అడుగున దొరికినయ్, షోరూముల ఇచ్చిన పాలిథీన్ కవర్ గూడ ఇంకా తియ్యలే. సీట్ కవర్లు వేసేటోడు లుక్ నీట్‌గ వస్తదని బకిల్స్ లోపలికి తోసేసి పైకెల్లి కుట్టిండట. బేబీ సీటు తగిలించే రెండు ఇనుప కొక్కేలు, ఐసోఫిక్స్ అంటరు వాటిని, అవి గూడ ఆ రెగ్జిన్ కిందనే ఉన్నయ్. కారు కొన్నప్పటి సంది వెనకాల ఎవ్వరూ బెల్టు అడగలే కాబట్టి ఎవ్వరికీ తెల్వలే. బ్లేడు పెట్టి కోస్తుంటే మా అన్న మొఖం చూడాలె, కవర్లకు పన్నెండు వేలు పెట్టిండట.

దీని మీద, బెల్టు పెట్టుకోకున్నా ముందు సీట్ల బీప్ సౌండ్ రావద్దని బకిల్ల పెట్టే క్లిప్పులు. 2023ల వినియోగదారుల రక్షణ అథారిటీ ఢిల్లీకెల్లి ఆర్డర్లు ఇస్తే ఐదు ఆన్‌లైన్ కంపెనీలు ఆ క్లిప్పుల లిస్టింగులు 13 వేలకు పైగ తీసేసినయ్, అంటే ఎంతమంది కొంటుండ్రో చూడుండ్రి. సన్‌రూఫులకెల్లి పిల్లల తలలు బయటికి పెట్టిచ్చి వీడియో తీసేటోళ్ల గురించి నేనేం రాయ, రాస్తే నోరు పాడైతది.

"మేం మెల్లగనే పోతం మేడం" అనేది ఇంకో వాదన. నువ్వు మెల్లగ పోతవు సరే, ఎదురొచ్చేటోడు? మన రోడ్లు మనకు ఎరుకే కదా. కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడ్తరు, చీకటైతే ఆ రాళ్లు కనవడయ్. పత్తి లోడు ట్రాక్టరు వెనకాల ఒక్క లైటు లేకుండ ఎనుమాముల మార్కెట్‌కు పోతుంటది. ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చే ఇసుక లారీ టైరు పంచరైతే రోడ్డు మీదనే ఆపి వెనకాల చెట్టు కొమ్మ ఒకటి పెడ్తరు. ఈ మూడింట్ల ఏదీ నీ స్పీడోమీటర్ చూసి నీకు ఎదురుకాదు. వెనక సీటు సేఫ్ అనేటోళ్లకు, 2022 సెప్టెంబర్ల టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ పోయింది వెనక సీట్లనే, బెల్టు లేకుండ, మంచి ఖరీదైన కారుల.

చట్టం ఏమంటదంటే, మోటారు వాహనాల చట్టానికి 2019ల చేసిన సవరణల సెక్షన్ 194బి అని పెట్టిండ్రు, 14 ఏండ్ల లోపు పిల్లలకు బెల్టన్న పిల్లల సీటన్న లేకుండ బండి నడిపితే వెయ్యి రూపాయల ఫైన్. ఆ చలాను పడ్డ మనిషిని నేను ఇంతవరకు చూడలే. హెల్మెట్ లేకుంటే కాజీపేట చౌరస్తల ఫొటో కొడ్తరు, పిలగాడు డ్యాష్‌బోర్డు మీద చేతులు పెట్టి నిలబడితే అదే కానిస్టేబుల్ వానికి టాటా చెప్తడు. బైకు మీద నాలుగేండ్ల లోపు పిల్లలకు హార్నెస్, హెల్మెట్, 40కి మించని స్పీడు అని 2023 ఫిబ్రవరి సంది రూలుంది, అది చదివినోళ్లు ఎంతమందో నాకు అనుమానమే.

ఇగ యాక్సిడెంట్ అయినంక ముచ్చటకొస్తే, అసలు నష్టం స్టేషన్ బయట చాయ్ హోటల్లనే జరిగిపోతది. లారీ ఓనర్ తరపున ఇద్దరొస్తరు, ఊరికెల్లి ఒక పెద్దమనిషి వస్తడు, "పిలగాడు బతికిండు, దేవుని దయ, ఇగ కేసులెందుకు, డ్రైవర్ గూడ పేదోడే పాపం" అని నలభై వేలో యాభై వేలో చేతుల పెడ్తరు. ఎఫ్ఐఆర్ ఉండదు. ఎఫ్ఐఆర్ లేకుంటే రేపు ఇన్సూరెన్స్ కంపెనీ ఈ బండే గుద్దిందని ఒప్పుకోదు. మనోళ్లకు అర్థం గాని సంగతి ఏందంటే ఆ లారీకి థర్డ్ పార్టీ పాలసీ, అంటే ఆ బండి వల్ల వేరేటోళ్లకైన నష్టానికి తీసుకునే ఇన్సూరెన్స్, ఉంటే పరిహారం కట్టేది కంపెనీ, ఆ పేద డ్రైవర్ గాదు. మనం జాలిపడేది డ్రైవర్ మీద, మిగిలేది కంపెనీకి. ఆస్పత్రి ఖర్చు భయానికే రాజీకి ఒప్పుకుంటున్నరా అంటే, 2025 మే సంది కేంద్రం పెట్టిన క్యాష్‌లెస్ స్కీం కింద వారం రోజుల దాకా లక్షన్నర వరకు చికిత్స ఉంది, ఆరోగ్యశ్రీ వేరే ఉంది. గుద్దిన బండి దొరక్కుండ పోతే గూడ హిట్ అండ్ రన్ కింద పెద్ద దెబ్బకు 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షలు ఇస్తరు.

ఎక్స్‌గ్రేషియాను పరిహారం అనుకునుడు గూడ మస్తు చూస్త. 2018ల కొండగట్టు ఘాట్ల ఆర్టీసీ బస్సు బోల్తాపడి 60 మందికి పైగ పోయినప్పుడు ప్రభుత్వం ఒక్కొక్కరికి 5 లక్షలు ప్రకటించింది. అది సర్కారు దయ తలచి ఇచ్చేది. ట్రిబ్యునల్ల వచ్చేది హక్కు, ఒకటి వచ్చింది కదా అని రెండోది అడగకుండ ఊకోవద్దు.

"వానికేమొస్తది" అన్న తండ్రికి నేను చెప్పే జవాబు ఇది. ఒకప్పుడు నిజంగనే ఏం రాకపోతుండె. 1994ల చట్టానికి జోడించిన పట్టికల సంపాదన లేనోళ్లకు ఏడాదికి 15 వేలు అని రాసిండ్రు, కోర్టులు ఏండ్లకేండ్లు దాన్నే పట్టుకొని ఏలాడినయ్. 2013ల సుప్రీంకోర్టు పదేండ్ల పిలగాడు చనిపోయిన కేసుల రూపాయి విలువ పడిపోయిందని దాన్ని 30 వేలు చేసి మొత్తం 5 లక్షలు ఇచ్చింది. అదే ఏడాది కర్ణాటక పిలగాని కేసుల వైకల్యానికి ఒక లెక్క పెట్టింది, 10 శాతం లోపల లక్ష, 30 దాకా 3 లక్షలు, 60 దాకా 4, 90 దాకా 5, ఆపైన 6, చికిత్స ఖర్చులు వేరే. అప్పటికి అది మేలే, గానీ కంపెనీ వకీళ్లు ఇప్పటికీ అదే చూపిస్తరు, ఇంతకు మించి లేదన్నట్టు.

2020ల వచ్చిన హర్యానా పాప తీర్పు నేను ప్రతి జూనియర్‌తోని చదివిస్త. 12 ఏండ్ల పాప, అమ్మనాయినలతోని ట్రాక్టర్ మీద పోతుంటే లారీ గుద్దింది, 2007ల. తలకు దెబ్బ, బుద్ధి తొమ్మిది నెలల పాపంత దగ్గర ఆగిపోయింది. హైకోర్టు 25 లక్షల పైచిలుకు ఇస్తే సుప్రీంకోర్టు దాన్ని 62 లక్షల 27 వేలు చేసింది. ఎట్ల చేసిందో చూడాలె. బతుకంత చూసుకోవడానికి ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరికి నెలకు 5 వేలు, ఇద్దరికి ఏడాదికి లక్షా 20 వేలు, దాన్ని పాప వయసును బట్టి 18తోని గుణిస్తే 21 లక్షల 60 వేలు. కన్నతల్లి చూసుకుంటది కదా ఫ్రీగ అని అనలే. పాప సంపాదనకు స్కిల్డ్ కూలీ కనీస వేతనం నెలకు 4,846 పట్టుకొని దాని మీద 40 శాతం పెంచింది. పెద్దయితే ఏమైతుండెనో తెల్వదు, తెల్వదు కాబట్టి సున్నా అని రాయకుండ ఒక పని తెలిసిన మనిషిగ లెక్కబెట్టింది. 2025ల గుజరాత్‌ల కాలు పోయిన ఎనిమిదేండ్ల పిలగాని కేసుల సుప్రీంకోర్టు ఇదే లెక్కను ఇంకా గట్టిగ చెప్పింది, పిల్లలకు ఆ రాష్ట్రంల స్కిల్డ్ వర్కర్ కనీస వేతనం కన్న తక్కువ పట్టుకోవద్దని, పరిహారం 35 లక్షలు దాటింది. పదిహేను వేలకెల్లి ఇక్కడిదాక రావడానికి కోర్టుకు ముప్పై ఏండ్లు పట్టింది, మన ఇండ్లల్ల ఇంకా 1994లనే ఉన్నం.

ఒక కేసు చెప్త, గుర్తుపట్టకుండ వివరాలు కొన్ని మార్చిన. రెండో క్లాసు పిలగాడు, మోకాలికి జర పైన తొడ ఎముక విరిగింది. ఆపరేషనై, కట్టు విప్పి, ఉరుకుడు గూడ మొదలుపెట్టిండు. రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌ల ఇన్సూరెన్స్ కంపెనీ రెండు లక్షల లోపల ఒక మాట చెప్పింది, తండ్రి సై అన్నడు. ఎముకల డాక్టర్ ఎక్స్‌రే లైటుకు పెట్టి పెన్నుతోని ఒక సన్న గీత చూపించిండు, ఎముక చివర్ల ఎదిగే భాగం అది, అక్కడ దెబ్బ తగిలితే ఆ కాలు రెండో కాలంత పెరగకపోవచ్చు, ఇప్పుడే చెప్పలేం అన్నడు. లోక్ అదాలత్‌ల ఒకసారి సంతకం పెడితే దాని మీద అప్పీల్ లేదు. పిల్లల తరపున రాజీ పడాలంటే కోర్టు పర్మిషన్ కావాలె, అది అడ్డం పెట్టుకొనే మేం టైం సంపాదించినం. తర్వాత కాలు పొట్టిగ తేలింది, వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్ వచ్చింది, డాక్టర్ బోనెక్కి సాక్ష్యం చెప్పిండు, ముందు ముందు ఇంకో ఆపరేషన్ పడ్తదని గూడ చెప్పిండు. లోక్ అదాలత్ మంచిదే, పెద్దోళ్ల చిన్న దెబ్బలకు నేనే పంపిస్త. ఎదిగే ఎముకల కేసుల మాత్రం తొందరపడి సంతకం పెట్టొద్దంట.

ఆ కేసుల నిలబెట్టింది ఆ తల్లి తెచ్చిన ప్లాస్టిక్ సంచి. డిశ్చార్జ్ సమ్మరీ, వూండ్ సర్టిఫికెట్, మెడికల్ షాపుల పిలగాని పేరు రాయించుకున్న బిల్లులు, ఆటో కిరాయి రాసిన స్కూల్ నోటుబుక్కు, బడికి రాలేదని హెడ్మాస్టర్ ఇచ్చిన కాగితం. ఆమె ఆర్నెల్లు బీడీలు చేయలే, బీడీల కార్డు గూడ తెచ్చింది, ఆ ఆర్నెల్ల కూలీ మేం క్లెయిములకెక్కించినం. చదువుకున్న ఉద్యోగస్తులు వాట్సాప్‌ల సగం ఫొటోలు పంపి "మిగిలినయి పోయినయ్ మేడం" అంటరు.

టైం ముచ్చట, 2022 ఏప్రిల్ సంది జరిగే యాక్సిడెంట్లకు ఆర్నెల్లల క్లెయిం వెయ్యాలె. దాని మీద సుప్రీంకోర్టుల సవాలు నడుస్తనే ఉంది, దాన్ని నమ్ముకొని కూసోకుండ్రి. యాక్సిడెంట్ సూర్యాపేట దగ్గరైనా మీరు హన్మకొండల ఉంటే ఇక్కడనే వేసుకోవచ్చు, ప్రతి వాయిదాకు అంత దూరం ఉరకాల్సిన పని లేదు.

అన్నిటికన్న ఇబ్బంది పెట్టే కేసు, తండ్రే నడుపుతుంటే అయిన యాక్సిడెంట్. పెంబర్తి దగ్గర తెల్లారుజామున కునుకు పట్టి డివైడర్‌ను గుద్దిండు, వెనకాల బెల్టు లేని బిడ్డకు వెన్నుల దెబ్బ. నేను క్లెయిం వెయ్యొచ్చు అంటే ఆ తల్లి, "మా ఆయన మీద నేనే కేసేసుడేంది మేడం, మా అత్తగారింటోళ్లు ఏమనుకుంటరు" అన్నది. "అమ్మా, మీ ఆయన మీద పేరుకే, పైసలు కట్టేది కంపెనీ. బిడ్డ తరపున గార్డియన్ మీరుంటరు, ఆయన ఎదుటి పార్టీ కాబట్టి ఆయన ఉండరాదు" అని చెప్పిన. తండ్రి మీద పోలీసు కేసైతదని భయం ఉంటది, అది ఉత్తదని నేననను. గానీ మంచాన పడ్డ బిడ్డ ముప్పై ఏండ్ల ఖర్చు ముంగట పెట్టి చూడాలె ఆ భయాన్ని. ఎవరి తప్పని రుజువు చేయకుండ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164 కింద పెద్ద దెబ్బకు రెండున్నర లక్షలు తీసుకునే దారి గూడ ఉంది, మంచాన పడ్డ బిడ్డకు అది ఏ మూలకూ సరిపోదు.

ఇక్కడ అసలు మెలిక పాలసీల ఉంటది. కంప్రెహెన్సివ్ పాలసీ, అంటే సొంత బండి డ్యామేజీ గూడ కలిసి ఉండేది, అయితే కారుల కూసున్నోళ్లకు గూడ కంపెనీ బాధ్యత ఉంటది, 2009ల ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్డీఏ సర్క్యులర్ ఇచ్చింది, 2012ల సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఉట్టి థర్డ్ పార్టీ పాలసీ అయితే ప్రైవేటు కారుల ఊకె ఎక్కించుకున్నోళ్లకు, సొంత బిడ్డకైనా సరే, కంపెనీ చేతులెత్తేస్తది. కారు పాతబడ్డదని నాలుగు వేలు మిగుల్చుకోవడానికి మనోళ్లు మొదట చేసే పని కంప్రెహెన్సివ్ తీసేసుడే. ఎదురుగ ఇంకో బండి తప్పు గూడ ఉంటే మాత్రం పిల్ల మొత్తం పరిహారం ఆ బండి కంపెనీ దగ్గరనే అడగొచ్చు, తండ్రి తప్పు ఇంత శాతం ఉంది అని పిల్ల పైసలల్ల కోత పెట్టరాదు.

వకీలు సగం తింటడు అంటరు కదా, నేను వకీలునై ఉండి చెప్తున్న, వచ్చిన దాంట్ల ఇంత శాతం అని ఒప్పందం చేసుకునుడు బార్ కౌన్సిల్ రూల్స్‌కే విరుద్ధం. అయినా నడుస్తది, ఆస్పత్రుల దగ్గర ఏజెంట్లు తిరుగుతరు, వకాల్తా మీద సంతకం తీసుకునే ముందు ఖాళీ కాగితాలు గూడ ముందట పెడ్తరు. పిల్లలకూ ఆడవాళ్లకూ ఆదాయంతోని పని లేకుండ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఫ్రీగ వకీలును పెడ్తది, అది మా బిల్డింగులనే ఉంది, అడిగెటోళ్లే తక్కువ.

ఆఖరుకు తీర్పు వచ్చినంక తండ్రి ఇంకో మాట అడుగుతడు, "ఆ పైసలు మా చేతికి రావా?" అని. రావు, మాములుగ పిలగాని పేరు మీద బ్యాంకుల ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తరు, 18 నిండేదాక. "మేం తిరిగినం, మేం ఖర్చుపెట్టినం, వాని పేరు మీదెందుకు" అని గులుగుతరు. మీరు చికిత్సకు పెట్టిన ఖర్చు వేరే లెక్క గట్టి ఇప్పిస్తం. ఫీజులకో, ఇంకో ఆపరేషన్‌కో కావాలంటే రశీదులు పెట్టి పిటిషన్ వేస్తే జడ్జి డిపాజిట్ల నుంచి తీసుకోనిస్తరు. మిగిలింది మాత్రం వానిదే, చెల్లె పెండ్లికి అడిగినా రాదు.